ఇండెక్స్ ఫండ్ మూసేస్తే డబ్బు మునిగినట్టేనా?

ఈ వారం ఒకే మెసేజ్ నాకు నాలుగు వైపుల నుంచీ వచ్చింది. పంపినవాళ్లలో ఏళ్ల తరబడి మదుపు చేస్తున్నవాళ్లు కూడా ఉన్నారు, అదే ఎక్కువ బాధ. అందులో ఉన్నది ఇదీ: "ఒక పెద్ద సంస్థ తన ఇండెక్స్ ఫండ్‌ని మూసేస్తోంది. అంటే ఆ సంస్థ దివాలా తీయబోతోంది. మదుపరుల డబ్బు ఇక రాదు. 2018లో ఇలాగే ఒక్క రాత్రిలో అంతా పోయింది. పెద్దవాళ్లు ముందే తప్పుకున్నారు. ఇండెక్స్ ఫండ్ల కాలం అయిపోయింది. ఈరోజే మొత్తం అమ్మేసి గ్యారంటీ రాబడి ఇచ్చే పథకంలోకి మారండి."

ఇండెక్స్ ఫండ్ అంటే సెన్సెక్స్ లాంటి ఒక సూచీలో (ఇండెక్స్‌లో) ఉన్న షేర్లనే అదే పాళ్లలో కొనిపెట్టే ఫండ్. దివాలా సంగతి ముందు. ఫండ్ మూతపడటానికి మామూలుగా ఉండే కారణం లెక్క కుదరకపోవడం, అంతే. 2 కోట్ల డాలర్లున్న ఫండ్ ఏడాదికి 0.10 శాతం ఫీజు తీసుకుంటే వచ్చేది 20 వేల డాలర్లు. ఆడిటర్‌కీ, షేర్లను విడిగా భద్రపరిచే కస్టోడియన్‌కీ, తన ఇండెక్స్ వాడుకోనిచ్చిన సంస్థకీ అందులోంచే ఇవ్వాలి. అది చాలదు, ఫండ్ సంస్థే ఎదురు పెట్టుకోవాలి. ఫీజు పెంచుదామంటే అదే ఇండెక్స్‌ని ఇంకా చవగ్గా ఇచ్చేవాళ్లు పక్కనే ఉన్నారు. 2018లో ఫిడెలిటీ అనే అమెరికా ఫండ్ సంస్థ ఏకంగా సున్నా ఫీజుతో ఇండెక్స్ ఫండ్లు తెచ్చింది. ఇండెక్స్ లైసెన్స్ ఖర్చు ఎంత ముఖ్యమైన విషయమంటే, ఆ ఖర్చు తగ్గించుకోవడానికి వాన్‌గార్డ్ అంతటి పెద్ద ఫండ్ సంస్థ 2012లో 22 ఫండ్లను ఎంఎస్‌సీఐ అనే సంస్థ తయారుచేసే ఇండెక్స్‌ల నుంచి వేరే ఇండెక్స్‌లకు మార్చుతున్నట్టు ప్రకటించింది. చిన్న ఫండ్‌కి ఆ వెసులుబాటు ఉండదు. కాబట్టి మూసేస్తారు. ఒక సంస్థ ఇంకో సంస్థను కొన్నప్పుడు ఒకే రకం ఫండ్లు రెండు మిగిలితే, వాటిలో ఒకదాన్ని తీసేస్తారు. నష్టం తెచ్చే ఫండ్‌ని ఆపేయడం బుద్ధి ఉన్న సంస్థ చేసే పనే.

అసలు "మూసేయడం" అనే మాటనే ఈ మెసేజ్ రాసినవాళ్లు విడమర్చి చూడలేదు. 2022 ఫిబ్రవరిలో భారత్‌లో విదేశీ షేర్లు కొనే ఫండ్లు, వాటిలో ఇండెక్స్ ఫండ్లూ, కొత్త డబ్బు తీసుకోవడం ఆపేశాయి. మొత్తం ఫండ్ పరిశ్రమకు ఉన్న 700 కోట్ల డాలర్ల విదేశీ పరిమితి నిండబోవడమే కారణం. అప్పటికే యూనిట్లు (ఫండ్‌లో వాటాలు) ఉన్నవాళ్లకి ఏమీ కాలేదు. దాన్నీ "మూసేశారు" అనే రాశారు అప్పుడు.

ఇక డబ్బు రాదనే మాట. షేర్లు ఫండ్ పేరున కస్టోడియన్ దగ్గర ఉంటాయి, సంస్థ ఖాతాలో కాదు. ఫండ్‌ని రద్దు చేస్తే ఆ షేర్లు అమ్మి, ఆ వచ్చింది యూనిట్ల లెక్కన పంచుతారు. విలీనం చేస్తే ఇంకో ఫండ్‌లో యూనిట్లు ఇస్తారు. సంస్థే కూలిపోయినా అప్పులవాళ్లు ఆ షేర్ల జోలికి రాలేరు.

మరి 2018? ఆ ఫిబ్రవరిలో కుప్పకూలింది క్రెడిట్ సూయిస్ జారీ చేసిన ఎక్స్‌ఐవీ అనే నోటు. మార్కెట్ ఒడిదుడుకులు తగ్గుతాయని పందెం కాసేవాళ్ల కోసం చేసింది అది. ఒక్కరోజులో ఒడిదుడుకుల సూచీ రెట్టింపు దాటింది, నోటు విలువ 90 శాతానికి పైగా పోయింది, బ్యాంకు దాన్ని రద్దు చేసింది. అది ఫండే కాదు, బ్యాంకు రాసిచ్చిన అప్పు పత్రం. దాన్నీ వందల కంపెనీల షేర్లున్న ఫండ్‌నీ ఒకే గాటన కట్టడం అజ్ఞానం కాకపోతే మోసం.

నిజంగా సున్నాకి చేరిన ఇండెక్స్ ఫండ్లు ఉన్నాయి, అది దాచను. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా షేర్లను విదేశీయులు అమ్ముకోలేని పరిస్థితి వచ్చింది. ఎంఎస్‌సీఐ ఆ షేర్లను మార్చి 9న దాదాపు సున్నా ధరకు తన వర్ధమాన దేశాల ఇండెక్స్ నుంచి తీసేసింది. ఐషేర్స్ రష్యా ఫండ్‌ని ఆ ఏడాదే రద్దు చేయాలని నిర్ణయించారు. అందులో ఉన్నవాళ్లు నష్టపోయారు. కానీ ఫండ్‌ని మూసినందుకు షేర్ల విలువ పోలేదు. విలువ పోయాక మూశారు.

పెద్దవాళ్లు ముందే తప్పుకున్నారట. ఏ రోజు బయటికొస్తే ఆ రోజు ఎన్‌ఏవీయే (ఒక్కో యూనిట్‌కి ఆ రోజున్న విలువే) ఎవరికైనా. ఈ పాయింట్‌కి అంతకంటే జవాబు అక్కర్లేదు.

ఇండెక్స్ ఫండ్ల కాలం అయిపోయిందట. 1976లో వాన్‌గార్డ్ స్థాపకుడు జాన్ బోగుల్ తెచ్చిన ఫండ్‌కి 15 కోట్ల డాలర్లు వస్తాయనుకుంటే 1.13 కోట్లే వచ్చాయి. అప్పుడూ ఇలాగే వెక్కిరించారు. అది ఈరోజు ప్రపంచంలోని అతిపెద్ద ఫండ్లలో ఒకటి.

నా కోపమంతా చివరి వాక్యం మీదే. ఒక ఫండ్ మూతపడుతోందని మిగతావన్నీ ఈరోజే అమ్మమంటున్నారు. ఎందుకు? ఆ ఫండ్ మూసేసినంత మాత్రాన అందులోని కంపెనీలు పని మానేశాయా? అమ్మితే లాభం మీద పన్ను ఎవరు కడతారు? ఎగ్జిట్ లోడ్ (ముందే బయటికొస్తే ఫండ్ కోసుకునే మొత్తం) ఉంటే ఎవరు భరిస్తారు? తిరిగి ఎప్పుడు కొనాలో ఎవరు చెబుతారు? ఇవేవీ మెసేజ్‌లో లేవు. "గ్యారంటీ పథకం" మాత్రం ఉంది. ఎవరి గ్యారంటీ? ఆ పథకం పేరేమిటి? దాన్ని తనిఖీ చేసే నియంత్రణ సంస్థ ఏది? డబ్బు ఎవరి దగ్గర ఉంటుంది?

ఈ ఆఖరి ప్రశ్న అడక్కపోతే ఏమవుతుందో 2008 డిసెంబరులో ప్రపంచమంతా చూసింది. అమెరికాలో జనం డబ్బు మదుపు చేస్తానన్న బెర్నార్డ్ మేడాఫ్ ఏళ్ల తరబడి ఒడిదుడుకుల్లేని రాబడి చూపించాడు. ఖాతాదారుల స్టేట్‌మెంట్లలో దాదాపు 6,500 కోట్ల డాలర్లు కనిపించేవి. అందులో చాలాభాగం కాగితం మీదే ఉంది. డబ్బు నడిపేదీ, దాచేదీ, లెక్కలు పంపేదీ అతని సంస్థే కావడంతో బయటివాళ్లెవరూ సరిచూడలేకపోయారు. 2009లో 150 ఏళ్ల జైలుశిక్ష పడింది. ఏ భయం చూపించి ఇండెక్స్ ఫండ్ అమ్మమంటున్నారో, ఆ భయం నిజమయ్యేది ఇలాంటి చోట. కస్టోడియన్ విడిగా ఉన్న చోటు నుంచి డబ్బు తీసి, ఎక్కడుందో చెప్పని చోట పెట్టమని ఆత్మీయుల పేరుతో సలహా ఇస్తున్నారు. రిటైరయ్యాక తినాల్సిన డబ్బు అది. దాంతో ఆటలాడకండి.

ఒక్క విషయంలో ఫండ్ సంస్థల మీద ఆ మెసేజ్‌కున్న కోపం నాకూ ఉంది. ఏదో ఒక రంగం షేర్లు బాగా పెరిగాక, జనం ఎగబడుతున్నప్పుడు, దాని మీద ఒక ఇండెక్స్ తయారుచేయించి ఫండ్ తెస్తారు. మోజు తగ్గి, ధరలు పడి, డబ్బు వెళ్లిపోయాక మూసేస్తారు. మదుపరికి అడుగున ఉన్న ధర చేతిలో పెట్టి పంపిస్తారు. నష్టం వచ్చినా వేచి చూద్దామనుకున్నవాళ్లకి ఆ అవకాశం ఉండదు. లాభంలో ఉన్నవాళ్లకి కోరుకోని ఏడాదిలో పన్ను పడుతుంది. సంస్థ మాత్రం అప్పటిదాకా ఫీజు తీసుకునే ఉంటుంది. నోటీసైనా మామూలు మనిషికి అర్థమయ్యేలా రాయరు. విలీనమా రద్దా, చివరి తేదీ ఏది, షేర్లు అమ్మే ఖర్చు ఎవరిది అన్నవి మొదటి పేజీలోనే, ముందు వరుసలోనే ఉండాలి. మూసేసే ఖర్చు ఫండ్‌లోంచే తీస్తామంటే, మదుపరులు ఆ సంస్థకు రాసి నిలదీయాల్సింది దాని గురించే.