డీఎక్స్‌డయాగ్ తెరవకముందే తీర్పు చెప్పకండి

కంప్యూటర్‌లో బొమ్మ సరిగా రాకపోయినా, శబ్దం వినిపించకపోయినా, గేమ్ మొదలవుతూనే మూతపడిపోయినా మనకు వెంటనే అందే సలహాలు రెండే: విండోస్ మళ్లీ వేయించండి, లేదా గ్రాఫిక్స్ కార్డు మార్చేయండి. ఈ రెండింటికీ ముందు చేయవలసిన పని ఒకటుందని, దానికి కావలసిన సాధనం విండోస్‌లోనే ఎన్నో ఏళ్లుగా ఉందని చెప్పేవారు చాలా తక్కువ. విండోస్ మీటనూ ఆర్ మీటనూ కలిపి నొక్కితే వచ్చే రన్ పెట్టెలో డి, ఎక్స్, డి, ఐ, ఏ, జి అనే ఆరు అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కితే తెరుచుకునే డైరెక్ట్‌ఎక్స్ డయాగ్నొస్టిక్ టూల్ గురించి నేను మాట్లాడుతున్నాను. డైరెక్ట్‌ఎక్స్ అంటే బొమ్మలనూ శబ్దాన్నీ అందించడానికి గేములు వాడుకునే విండోస్ సాఫ్ట్‌వేర్. అందరూ పిలిచే పేరు డీఎక్స్‌డయాగ్. దాన్ని ఒక్కసారైనా చూడకుండా ఫలానా భాగం పోయిందని తేల్చేసే అలవాటు మీద నాకు నిజంగానే కోపం ఉంది.

నా డెస్క్‌టాప్‌లో విండోస్ కొత్తగా వేయించిన తరువాత తెర మీద అక్షరాలు లావెక్కి మసకబారాయి, వీడియో ఆగి ఆగి నడిచింది. చూసిన టెక్నీషియన్ కేసు కూడా విప్పకుండా గ్రాఫిక్స్ కార్డు పోయిందని చెప్పారు. ఆ మాట నమ్మి కొత్త కార్డు కొనడానికి సిద్ధపడిన నేను, ఆ రాత్రి ఎందుకో డీఎక్స్‌డయాగ్ తెరిచి డిస్‌ప్లే ట్యాబ్ చూశాను. నా కార్డు పేరు ఉండవలసిన చోట మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని ఉంది. అంటే కార్డుకు తగిన డ్రైవర్ (కార్డును విండోస్‌తో కలిసి పనిచేయించే సాఫ్ట్‌వేర్) లేక, ఏ కార్డుతోనైనా ఎంతో కొంత పనిచేసే సాధారణ డ్రైవర్‌తో విండోస్ నెట్టుకొస్తోందన్నమాట. కార్డు తయారీదారు సైటు నుంచి ఆ మోడల్‌కు సరిపోయే డ్రైవర్ దించుకుని వేశాను. పోయిందన్న కార్డు ఈనాటికీ పనిచేస్తోంది.

ఆ ట్యాబ్‌లో నన్ను భయపెట్టిన సంగతి ఇంకొకటి ఉంది. డ్రైవర్ తేదీ 2006 జూన్ 21 అని కనిపించింది. అంత పాత డ్రైవర్ నా కంప్యూటర్‌లోకి ఎలా వచ్చిందా అని చాలాసేపు కంగారు పడ్డాను. తరువాత తెలిసిందేమిటంటే, విండోస్‌తో పాటు వచ్చే మైక్రోసాఫ్ట్ సొంత డ్రైవర్ల మీద ఆ తేదీని కావాలనే వేస్తారు. ఒకే పరికరానికి సమానంగా సరిపోయే రెండు డ్రైవర్లు దొరికినప్పుడు విండోస్ తేదీని కూడా చూసి ఎంచుకుంటుంది కాబట్టి, సాధారణ డ్రైవర్‌కు కొత్త తేదీ ఉంటే తయారీదారు ఇచ్చిన అసలైన డ్రైవర్‌ను అది పక్కకు తోసేసే ప్రమాదం ఉంది. అందుకే పాత తేదీ. దాని అసలు వయసు వెర్షన్ సంఖ్యలో తెలుస్తుంది. ఇంత అవసరమైన సంగతిని ఆ తేదీ పక్కన ఒక్క వాక్యంలో రాసి ఉంటే ఎంతమందికి ఆందోళన తప్పేదో!

ఇంతకంటే ఎక్కువమందిని తప్పుదారి పట్టించేది మొదటి ట్యాబ్ చివర ఉండే డైరెక్ట్‌ఎక్స్ వెర్షన్ అనే వరుస. విండోస్ 10లోనూ 11లోనూ అక్కడ డైరెక్ట్‌ఎక్స్ 12 అని కనిపిస్తుంది. దాన్ని చూసి తమ కార్డు డైరెక్ట్‌ఎక్స్ 12కు సంబంధించిన అన్ని సౌకర్యాలనూ ఇస్తుందని అనుకుని, గేమ్ కొనుక్కుని, అది తెరుచుకోక బాధపడినవారిని నేను ఎరుగుదును. ఆ వరుస చెప్పేది విండోస్‌లో ఉన్న సాఫ్ట్‌వేర్ సంగతి మాత్రమే. కార్డు సత్తా తెలియాలంటే డిస్‌ప్లే ట్యాబ్‌లో ఫీచర్ లెవెల్స్ అన్న చోట చూడాలి. అక్కడ వరుసగా కనిపించే సంఖ్యల్లో అన్నిటికంటే పెద్దదే ఆ కార్డు, దాని డ్రైవర్ కలిసి అందుకోగల హద్దు. అది 11_0 దగ్గర ఆగిపోయిందంటే, 12_0 తప్పనిసరిగా కావాలనే గేమ్ ఆ కార్డు మీద నడవదు. విండోస్‌ను ఎన్నిసార్లు మళ్లీ వేయించినా ఫలితం మారదు. అయితే డైరెక్ట్‌ఎక్స్ 12 వాడుతూనే 11_0 స్థాయితో సరిపెట్టుకునే గేములూ ఉంటాయి కాబట్టి, గేమ్ అడిగేది ఏ స్థాయినో కూడా చూసుకోవాలి. ఈ రెండు సంగతులనూ వేర్వేరు ట్యాబ్‌లలో విడదీసి, పెద్ద సంఖ్యను మాత్రమే ముందు కనిపించేలా పెట్టడం ఈ సాధనంలోని ముఖ్యమైన లోపమని నా అభిప్రాయం.

డిస్‌ప్లే, సౌండ్ వంటి ట్యాబ్‌ల అడుగున ఉండే నోట్స్ పెట్టెలోని వాక్యం గురించి కూడా గట్టిగా చెప్పాలి. సమస్యలేవీ కనబడలేదు అని అక్కడ రాసి ఉంటే, అంతా బాగుందని చాలామంది నిశ్చింతగా ఉంటారు. ఆ సాధనం కార్డు మీద భారం వేసి చూడదు, వేడిని కొలవదు, స్పీకర్ల నుంచి శబ్దం వచ్చిందో లేదో వినదు. విండోస్ ఎక్స్‌పీ కాలంలో ఇందులో పరీక్ష బటన్లు ఉండేవి. డైరెక్ట్‌త్రీడీ పరీక్ష నొక్కితే తెర మీద ఒక ఘనం గిరగిరా తిరిగేది, అది కనిపించిందా లేదా అని మనల్నే అడిగేది. విస్టా నుంచి ఆ పరీక్షలను తీసేశారు. పరీక్షలు పోయినా రోగ నిర్ధారణ అనే పేరు మాత్రం మిగిలింది. అలాంటప్పుడు ఆ వాక్యాన్ని ‘నేను చూసినంతలో లోపం లేదు’ అన్న పరిమితమైన అర్థంలోనే చదువుకోవాలి, కార్డుకు ఇచ్చిన ఆరోగ్య ధ్రువపత్రంగా కాదు.

సౌండ్ ట్యాబ్ గురించి చెప్పవలసింది కొద్దిగానే ఉంది. హెచ్‌డీఎంఐ తీగతో మానిటర్ కలిపినప్పుడు శబ్దం స్పీకర్లను వదిలి మానిటర్ వైపు వెళ్లిపోవడం తరచుగా జరుగుతుంది. డిఫాల్ట్ పరికరం ఏదో ఇక్కడ చూస్తే, సౌండ్ కార్డు పాడైందన్న అనుమానం చాలాసార్లు అక్కడికక్కడే తీరిపోతుంది.

నేను ఈ సాధనంలో అన్నిటికంటే విలువైనదిగా భావించేది కింద ఉండే సేవ్ ఆల్ ఇన్ఫర్మేషన్ బటన్. అది అన్ని వివరాలనూ ఒక టెక్స్ట్ ఫైలులో రాసిపెడుతుంది. తెర మీద కనిపించని సంగతులు కూడా అందులో ఉంటాయి; ముఖ్యంగా ఫైలు చివరి భాగంలో, ఇటీవల ఏయే ప్రోగ్రాములు ఎలా కూలిపోయాయో విండోస్ నమోదు చేసుకున్న జాబితా ఉంటుంది. అక్కడ లైవ్‌కెర్నెల్‌ఈవెంట్ పేరుతో 141 అన్న సంఖ్య పదే పదే కనిపిస్తే, గ్రాఫిక్స్ చిప్ జవాబివ్వకుండా ఆగిపోతోందని అర్థం. వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో అప్పుడు తెలుస్తుంది. సహాయం అడిగేవారు నా కంప్యూటర్ పనిచేయడం లేదు అని ఒక్క వాక్యం రాసే బదులు ఈ ఫైలు ఇస్తే, జవాబు చెప్పేవారికి ఊహించవలసిన అవసరం తగ్గుతుంది. కానీ పంపే ముందు ఒకసారి చదవండి. కంప్యూటర్ పేరు, దాని గుర్తింపు సంఖ్య అందులో ఉంటాయి, కూలిపోయిన ప్రోగ్రాముల దారుల్లో మీ ఖాతా పేరు కూడా ఉండవచ్చు. వాటిని చెరిపేసి పంపడం మంచిది.

కంప్యూటర్ బాగా నడుస్తున్న రోజుల్లోనే ఒకసారి ఈ ఫైలు తీసి, తేదీ వేసి దాచుకోవడం నేను అలవాటు చేసుకున్నాను. కొత్త డ్రైవర్ వేసిన తరువాత ఏదైనా తేడా కనిపిస్తే, కొత్త ఫైలును పాతదాని పక్కన పెట్టి ఏ వరుస మారిందో వెతుకుతాను. ఎవరినైనా సహాయం అడిగేది ఆ తరువాతే.