హాయ్ వాన్‌లో వాన, వెనక సీట్లో బావ

హైదరాబాదుకు సముద్రం లేదు. హుస్సేన్ సాగర్ ఉంది గానీ దాని గట్టున నిలబడి గుండెల నిండా గాలి పీల్చుకునే సాహసం అందరూ చేయరు. అందుకే ఈ ఊళ్ళో సముద్రమంటే మోజు, పక్కనే కొండ కూడా ఉందంటే పిచ్చి. వియత్నాంలో హుయే నుంచి డానాంగ్ మీదుగా హోయ్ ఆన్ దాకా మోటార్‌సైకిల్ మీద గైడుతో పాటు ఒక్క రోజులో పోవచ్చనీ, నడుమ హాయ్ వాన్ అనే కనుమ వస్తుందనీ ఫోన్లో చూసిన రాత్రే దిల్‌సుఖ్‌నగర్ బావగారు టికెట్లు తీసేస్తారు. ఇలాంటి బావగారు ప్రతి కాలనీకీ ఒకరుంటారు. ఇంటి ముందు బుల్లెట్ ఉంటుంది. శ్రీశైలం ఘాట్ రెండుసార్లు ఎక్కిన అనుభవం ఉంటుంది. ఆ రెండుసార్ల గురించి రెండొందల సార్లు చెప్పే ఓపికా ఉంటుంది. వెంట అక్కయ్య, అక్కయ్య తమ్ముడు.

మొదటి దెబ్బ క్యాలెండర్ దగ్గరే పడుతుంది. టికెట్లు దసరా సెలవులకు. "బతుకమ్మను సాగనంపినంక వాన ఏడుంటదిరా?" అంటారు బావగారు. హైదరాబాదుకైతే ఆ లెక్క చాలావరకు సరిపోతుంది. వియత్నాం నడిమి తీరానికి మాత్రం అసలు వానలు సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా. ఈశాన్యపు గాలి సముద్రం మీది తేమనంతా మోసుకొచ్చి అక్కడి కొండలకు గుద్దుకుంటుంది. హైదరాబాదులో ఏడాది పొడుగునా పడే వాన దాదాపుగా హుయేలో ఒక్క అక్టోబరులోనే పడిపోతుంది. ఆ దారిలో బండి మీద పోవడానికి ఫిబ్రవరి చివరి నుంచి ఆగస్టు దాకా నయం. హాయ్ వాన్ అంటే వాళ్ళ భాషలో సముద్ర మేఘం. అంత దూరం పోకుండా ఆ పేరును తెలుగులో చదువుకున్నా విషయం అర్థమయ్యేది.

రెండోది లైసెన్సు. బావగారు 1000 రూపాయలు కట్టి, ఆర్టీఏ నుంచి అంతర్జాతీయ పర్మిట్ తెచ్చుకుని, దాన్ని పాస్‌పోర్టు కన్నా భద్రంగా దాచుకుంటారు. "గిదుంటే ఏ దేశంలనైనా బండి తోలొచ్చు." చాలా దేశాల్లో తోలొచ్చు, నిజమే. కానీ మన పర్మిట్ 1949 నాటి జెనీవా ఒప్పందం కింద ఇచ్చేది, వియత్నాం చేరింది 1968 నాటి వియన్నా ఒప్పందంలో. ఈ రెండు కాగితాల మధ్యా మాటల్లేవు. 50 సీసీ దాటిన బండిని మన పర్మిట్‌తో నడిపితే అక్కడ లైసెన్సు లేనట్టే లెక్క. పోలీసు ఆపితే జరిమానా. పడితే ఇంకా కష్టం, ఇన్సూరెన్సువాళ్ళు ముందుగా అడిగేది ఆ ముక్కే. కాబట్టి దారి ఒక్కటే. గైడు ముందు, బావగారు వెనక.

"నేనా? ఎనకనా?"

"పెండ్లైన కాడికెల్లి నేను కూసుంటలేనా? ఒక్క దినం మీరు కూసుంటే ఏమైతది?" అంటుంది అక్కయ్య.

హుయేలో పొద్దున ఎనిమిదింటికి మూడు బండ్లు, ముగ్గురు గైడులు. పెద్దవాణ్ణి గౌరవంగా పిలవాలంటే అక్కడివాళ్ళూ మనలాగే వరస కలుపుతారు. మనం అన్నా అంటే వాళ్ళు 'ఆన్' అంటారు, అర్థం కూడా అన్నే. బామ్మర్దికి ఈ సంగతి తెగ నచ్చి "అన్నా" అని మన పద్ధతిలోనే కేకేస్తాడు, ముగ్గురూ ఒకేసారి వెనక్కి తిరుగుతారు.

బావగారి గైడు బరువు యాభై అయిదు కిలోలు. బావగారు తొంభై ఆరు. గైడు ఒకసారి ఆయన్నీ, ఒకసారి బండినీ చూసి, మాట్లాడకుండా స్పానర్ తీసి వెనక స్ప్రింగును రెండు గాట్లు బిగిస్తాడు. వెనక టైరులో గాలి పెంచుతాడు. ఆవకాయ సీసాలతో సహా ఇరవై నాలుగు కిలోలు తూగే చక్రాల పెట్టెను క్యారియర్ మీద పెట్టమని బావగారి పట్టు. గైడు ఒప్పుకోడు. ఒప్పుకోకపోవడమే న్యాయం. వెనక ఇరుసుకు ఇంకా వెనకగా అంత బరువు కడితే ఎక్కుడులో ముందు చక్రం తేలికైపోతుంది, హ్యాండిల్ తిప్పినా బండి మాట వినదు. ఐదారు కిలోల బ్యాగు అయితే ప్లాస్టిక్ కవరు చుట్టి రబ్బరు తాళ్ళతో బిగిస్తారు, నడుముకు ఆనుకోవడానికీ పనికొస్తుంది. పెద్ద పెట్టె వ్యానులో ముందే పోయి హోయ్ ఆన్ హోటల్లో కూర్చుంటుంది. ఆ రోజు పొడిగా చేరేది ఆ ఆవకాయ ఒక్కటే.

వెనక కూర్చోవడమూ ఒక విద్యే. ఎడమవైపు నుంచి ఎక్కాలి, సైలెన్సర్ కుడివైపు ఉంటుంది కనక. చేతులు వెనక ఇనుప పట్టీ మీద ఉండాలి, గైడు భుజాల మీద కాదు. మోకాళ్ళు అతని తుంటికి దగ్గరగా ఉండాలి. మలుపు ఎటు ఉంటే ఆ వైపు భుజం మీదుగా చూడాలి. చూపు అటు పోతే ఒళ్ళు దానంతటదే అటు వంగుతుంది. బ్రేకు పడ్డప్పుడు ముందుకు జారకుండా తొడలతో బిగించాలి, లేకపోతే రెండు హెల్మెట్లూ టెంకాయల్లా కొట్టుకుంటాయి. గైడు ఇవన్నీ చేతులతో, సగం ఇంగ్లిషుతో రెండు నిమిషాల్లో చెప్పేస్తాడు. అక్కయ్య వినదు, ఆమెకు అవసరం లేదు. బామ్మర్ది వింటాడు. బావగారు వింటున్నట్టు తల ఊపుతూ, గైడు క్లచ్ పట్టే తీరులో లోపం వెతుకుతుంటారు.

ఊరు దాటకముందే వాన. గైడు సీటు కింది నుంచి ఒక రెయిన్‌కోటు తీస్తాడు. దానికి రెండు తలకాయల బొక్కలు! ముందుదాంట్లో నడిపేవాడి తల, వెనకదాంట్లో కూర్చున్నవాడి తల, హెడ్‌లైట్ వెలుగు పోవడానికి ఎదర పారదర్శకంగా ఒక ముక్క. అక్కడ ఇంటింటికీ ఉండే వస్తువే. అంచులు తొడల కింద నొక్కి కూర్చోవాలి, గాలికి ఎగిరితే చైనుకో చక్రానికో చుట్టుకుంటుంది, మన దగ్గర చున్నీలు చుట్టుకున్నట్టే. ఒకే గుడ్డలో రెండు తలలతో పోతున్న బావగారిని చూసి బామ్మర్ది ఫోటో తీస్తాడు. ఫ్యామిలీ గ్రూపులో పెట్టిన అయిదు నిమిషాలకు కరీంనగర్ నుంచి మేనత్త అడుగుతుంది, "గా ముందల కూసున్నదెవరు, అల్లుడికి కవల తమ్ముడున్నడా?"

కనుమ కిందున్న లాంగ్ కో అనే ఊరు చేరేసరికి తడి ఎముకల దాకా దిగుతుంది. ఒక పక్క సముద్రం, ఒక పక్క లాప్ ఆన్ మడుగు. ఆ మడుగులో పాత బండి టైర్ల మీద ఆలిచిప్పలు పెంచుతారు. "మన పంక్చర్ షాపాయన చూస్తే ఈడ్నే ఉండిపోతడు" అంటాడు బామ్మర్ది. బావగారి మనసు మాత్రం ఇరానీ హోటల్లో ఉంది. రోడ్డు పక్క దుకాణంలో కూలబడి వేలు చూపిస్తారు. "వన్ చాయ్."

ఇక్కడో చిన్న ఇబ్బంది. వియత్నాం భాషలో 'చాయ్' అంటే శాకాహారం. ఒకటో తిథికీ పున్నమికీ అక్కడ ఎంతోమంది నీచు ముట్టరు, ఆ వంటకు ఆ పేరు. దుకాణం ఆవిడ భక్తిగా తల ఊపి, పుట్టగొడుగులూ టోఫూ వేసిన నూడుల్స్ గిన్నె తెచ్చి పెడుతుంది. బావగారు అది పక్కకు నెట్టి, ఈసారి గట్టిగా, "చాయ్! చాయ్!" ఆవిడ కంగారుపడి, చేపల సాసు సీసాను కూడా బల్ల మీంచి తీసేసి ఇంకో రెండు గిన్నెలు తెస్తుంది. ఆ రోజు శనివారం. అక్కయ్యకు ఈ దేశంలో తిండి ఎలాగా అని హైదరాబాదు నుంచీ బెంగ. మూడు గిన్నెల్లో రెండు ఆమె ఖాళీ చేస్తుంది. మనకు కావలసిన చాయ్‌ని అక్కడ 'ట్రా' అనాలి, అన్నా పాలు రావు. పాలు కావాలంటే కాఫీ చెప్పుకోవాలి. గ్లాసు అడుగున గట్టి తియ్యటి డబ్బా పాలు, పైన చిన్న ఫిల్టర్, అందులోంచి బొట్టు బొట్టుగా కాఫీ. బావగారు తడి చొక్కాతో ఆ బొట్లు లెక్కపెడుతూ కూర్చుంటారు.

అక్కడి నుంచి కనుమ మొదలు. మొత్తం 21 కిలోమీటర్లు. కింద కొండను తొలిచి 2005లో తెరిచిన సొరంగం ఉంది, ఆరు కిలోమీటర్ల పైమాట, అందులోకి మోటార్‌సైకిళ్ళను పోనివ్వరు. పెట్రోలు ట్యాంకర్లు, పశువుల లారీలు కూడా పైనుంచే పోవాలి. కాబట్టి కనుమ మీద సముద్రపు గాలి ఎంత వస్తుందో, ఎదురొచ్చే పందుల లారీ గాలీ అంతే వస్తుంది. ఇంకో సంగతి. అక్కడ బండ్లు రోడ్డుకు కుడివైపు నడుస్తాయి. హుయే నుంచి దక్షిణానికి పోతే సముద్రం ఎడమన ఉంటుంది, మన బండి కొండ గోడ పక్కన ఉంటుంది. డానాంగ్ నుంచి వస్తే లోయ అంచు మన వైపే. భయస్తులు హుయే నుంచి బయల్దేరడం మేలు. ఈ సంగతి అక్కయ్య ముందే కనుక్కుని బుక్ చేయించింది, బావగారికి చెప్పలేదు.

మొదటి హెయిర్‌పిన్ మలుపులో గైడు కుడికి వంగుతాడు. బావగారు, శ్రీశైలం సాక్షిగా, ఎడమకు వంగుతారు. పడిపోతామేమోనని ఒళ్ళు తనంత తనే చేసే పని అది. కానీ వెనకాయన నిటారుగా బిగుసుకుంటే, అదే వేగానికి అదే మలుపు తిరగాలంటే బండి ఇంకా వంగాలి. వెనకాయన ముందాయనకు దాదాపు రెండింతలైతే గైడు చేసేది నడపడం కాదు, బతిమాలడం. బండి మలుపు బయటికి జరుగుతుంది, ఎదురుగా ట్యాంకర్ హారన్ మోగిస్తుంది, గైడు వేగం చంపి ఎలాగో తిప్పుతాడు. మూడో మలుపు దగ్గర బండి ఆపి, దిగి, రోడ్డు మీద నిలబడి సొరకాయలా పక్కకు వంగి చూపిస్తాడు. బావగారు కూడా దిగి వంగుతారు. వెనక వస్తున్న అక్కయ్య బండి వాళ్ళను దాటిపోతుంది. ఆమె చేయి ఊపుతుంది.

శిఖరం ఎత్తు 496 మీటర్లు. 1826లో మిన్ మాంగ్ చక్రవర్తి కట్టించిన రాతి ద్వారం ఉంది, లోకంలోకెల్లా ఘనమైన ద్వారమని దాని మీద చెక్కి ఉంటుంది. పొగమంచులో అది కనబడదు. బావగారి సెల్ఫీలో బావగారు, వెనక తెల్లగోడ. ఇంత కష్టపడి ఎంత ఎత్తుకు ఎక్కామా అని బామ్మర్ది ఫోన్లో వెతికి, హైదరాబాదు నగరం సగటున 540 మీటర్ల ఎత్తులో ఉందని కనిపెడతాడు. "బావా, మనం ఇంకా మన ఊరంత ఎత్తు కూడ ఎక్కలే." బావగారు వినిపించుకోరు.

దిగుడులో వాన ఆగిపోతుంది. ఉత్తరపు మబ్బును ఆ కొండే ఆపేస్తుంది, అవతల డానాంగ్ అఖాతం ఎండలో మెరుస్తుంటుంది. గైడు మూడో గేరులో ఇంజిన్ పట్టు మీదే దింపుతుంటాడు, బ్రేకు అవసరమైనప్పుడు మాత్రమే. ఘాట్ దిగే పద్ధతి అదే. అదే పనిగా తొక్కిపట్టి ఉంచితే చక్రంలోని బ్రేకు డ్రమ్ము వేడెక్కి, దాన్ని లోపల ఒత్తిపట్టే బ్రేకు షూలు కాలి, సరిగ్గా కావలసిన మలుపులో బ్రేకు పట్టదు. ఇది బావగారికీ తెలుసు. కానీ ఆయన కుడికాలికి తెలియదు. మలుపు కనబడగానే ఆ కాలు ఫుట్‌రెస్ట్‌ను పాతాళం దాకా తొక్కుతుంది. బండి ఆగకపోతే ఇంకా తొక్కుతుంది. తొక్కీ తొక్కీ మడమ లోపలికి జారుతుంది. కొండ దారులకని ఆ 150 సీసీ బండికి సైలెన్సర్ పైకి లేపి ఉంటుంది, రేకు కవచం ఉన్నా అది పిక్క కోసం, మడమ కోసం కాదు. విమానం ఎక్కే ముందు కొత్తగా కొన్న స్పోర్ట్స్ షూ, మెత్తటి ఫోమ్ సోలు. మూడో కిలోమీటరుకు వాసన మొదలు.

బావగారు గైడు భుజం తడతారు. ముక్కు చూపిస్తారు. "బ్రేక్! షూ! షూ గాన్!" గైడు అదిరిపడి బండి ఆపుతాడు. వంగి వెనక డ్రమ్ము మీద తడివేలు పెడతాడు, సుయ్ మనదు. కేబుల్ లాగి చూస్తాడు, సరిగ్గానే ఉంది. చక్రం తిప్పుతాడు, ఎక్కడా పట్టేయడం లేదు. ఇంజిన్ ఆయిల్ గొట్టాల దగ్గర వాసన చూస్తాడు, వైర్లు చూస్తాడు. బావగారు మొలమీద చేతులు పెట్టుకుని, పొద్దున్నుంచి మొదటిసారి సంతోషంగా, "నేను ముందే అనుకున్న. గీయన దిగుడుల బ్రేక్ మీద కాలు తీస్తలేడు" అంటారు. ఈలోగా బామ్మర్ది బండి వచ్చి ఆగుతుంది. దిగి, గాలి పీల్చి, కిందికి చూస్తాడు.

"షూ కాలింది బావా."

"అదే గదా చెప్తున్న, బ్రేక్ షూ!"

"బ్రేక్‌ది కాదు బావా. నీది."

బావగారు కుడికాలు ఎత్తుతారు. సోలు సగం లేదు, ఆ సగం సైలెన్సర్ మీద నల్లటి బూందీలా అంటుకుని పొగ వదులుతోంది. గైడు నవ్వకుండా స్క్రూడ్రైవర్ తీసి గీకుతాడు. చల్లారాక గీకితే ఊడదు, వేడిలోనే తీసేయాలి, గీస్తూ అతను చేతులతో చెప్పింది అదే. అక్కయ్య బ్యాగులోంచి తన రబ్బరు చెప్పు ఒకటి తీసి ఇస్తుంది. ఎడమకాలికి షూ, కుడికాలికి ఆడవాళ్ళ చెప్పు వేసుకుని బావగారు డానాంగ్ దాటి, పాలరాతి కొండలు దాటి, సాయంత్రం అయిదింటికి హోయ్ ఆన్ చేరుకుంటారు.

హోయ్ ఆన్‌లో బట్టలే కాదు, చెప్పులు కూడా కొలత తీసుకుని ఒక రోజులో కుట్టిస్తారు. బావగారు కుడిది ఒక్కటే కుట్టమని గంటసేపు బేరమాడి, చివరికి జత కొనుక్కుంటారు. రూపాయికి సుమారు 300 డాంగులు కనక బిల్లు చూసి అక్కయ్యకు ఒక క్షణం గుండె ఆగుతుంది.

దీపావళికి ముందు బుల్లెట్ సర్వీసింగుకు పోతుంది. మెకానిక్ బండి కడిగి, ఆయిల్ మార్చి, పక్కకు వంగి పిలుస్తాడు. "అన్నా, ఎనక ఫుట్‌రెస్ట్ రబ్బరు మార్చాలె. ఎడమది కొత్తదాని లెక్కనే ఉన్నది. కుడిది చూడు, నున్నగ అరిగిపోయింది. ఎవరో ఏండ్ల సంది తొక్కినట్టున్నది."

అక్కయ్య ఫోన్లోకి చూసుకుంటూ నిలబడుతుంది.