సవరణ: నూనె రాయమన్న వాక్యం మందులు మానమనలేదు

స్వస్థత ప్రార్థన గురించిన మా వ్యాసంలో బైబిల్లోని యాకోబు 5:14 మందులు మానమంటుందని రాశాం. అది తప్పు, క్షమించండి. సంఘపెద్దలను పిలిపించి, నూనె రాయించుకుని ప్రార్థన చేయించుకోమని మాత్రమే అక్కడుంది. లూకా 10:34లో సమరయుడు దారిలో పడివున్నవాడి గాయాలకు మందుగా పోసింది నూనె, ద్రాక్షారసమే. జబ్బుపడిన హిజ్కియా రాజుకు ఆయుష్షు పెంచుతానని దేవుడు మాటిచ్చాక కూడా యెషయా ప్రవక్త అతని పుండుకు అంజూరపు ముద్ద కట్టించాడు (యెషయా 38:21).

యెహోవాసాక్షులు అనే మతశాఖవారు వైద్యమే వద్దంటారని అదే వ్యాసంలో రాసిందీ సరికాదు. వారు కాదనేది రక్తమార్పిడిని. మందులు, ఆపరేషన్లు ఒప్పుకుంటారు.

టీబీ ఉన్నవారికి ఒక మాట: మామూలు టీబీకి ఆరు నెలల కోర్సు. రెండో నెలకే దగ్గు తగ్గి, బరువు పెరగొచ్చు. స్వస్థత వచ్చేసిందని అక్కడే ఆపితే మిగిలిన క్రిములు మళ్లీ పెరుగుతాయి, మందుకు లొంగకుండా మొండికేయొచ్చు. ప్రార్థన చేయించుకోండి, మాత్ర మాత్రం ఒక్కపూటా మానకండి.