కారణం తెలియని జబ్బు కూలీలకే ఎందుకు?

కిడ్నీలు దెబ్బతింటే రక్తంలో పెరిగే వ్యర్థం క్రియాటినిన్. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో అదేమిటో ఎవరికీ చెప్పక్కర్లేదు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు బడి మొహం చూడని ముసలమ్మ కూడా తన అంకె ఎంతో చెబుతుంది. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందంటారు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో ఇప్పటికీ చూడటానికి అలాగే ఉంటుంది. ఆ ఊళ్లలో సర్వేలు చేస్తే పెద్దవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి కిడ్నీ దెబ్బతిన్నట్టు తేలింది. మామూలుగా కిడ్నీలు పాడయ్యేది షుగర్ వల్లో, ఏళ్ల తరబడి ఉన్న బీపీ వల్లో. ఇక్కడ చాలామందికి ఆ రెండూ లేవు. అందుకే డాక్టర్లు ఈ జబ్బుకు పెట్టిన పేరులోనే ‘కారణం తెలియని’ అని ఉంటుంది.

నా పేచీ ఆ పేరుతోనే.

ఇదే జబ్బు శ్రీలంకలో అనురాధపురం, పొలొన్నరువ జిల్లాల వరి రైతులకు 1990ల నుంచి ఉంది. మధ్య అమెరికాలో ఎల్ సాల్వడార్, నికరాగువా చెరకు తోటల్లో ఉంది. నికరాగువాలో చిచిగల్పా పట్టణం పక్కన ఒక పల్లెకు జనం ‘విధవల దీవి’ అని పేరు పెట్టుకున్నారు. చెరకు కొట్టే మగవాళ్లు ముప్ఫై నలభై ఏళ్లకే పోతే ఆ పేరు వచ్చింది. మూడు చోట్లా మట్టి వేరు, నీళ్లు వేరు, తిండి వేరు. పడేది మాత్రం ఒకే రకం మనిషి మీద. వేడి ప్రాంతంలో ఒళ్లు వంచి పనిచేసే పేదవాడి మీద. కారణం సంగతి తర్వాత, ఇంతవరకైతే తెలిసినట్టే కదా.

ప్రభుత్వాలు మాత్రం ముందు నీళ్లనే అనుమానిస్తాయి. తప్పని అనను. భూగర్భజలాల్లో సిలికా, భారలోహాలు, పురుగుమందుల అవశేషాలు, అన్నీ పరిశోధించాల్సినవే. ఉద్దానం కోసం హిరమండలం నుంచి 700 కోట్లతో మంచినీళ్లు తెచ్చారు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం కట్టారు. రెండూ 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. డయాలసిస్ రోగులకు నెలకు 10 వేల పింఛను వస్తోంది. ఇవేవీ చిన్న పనులు కావు. శ్రీలంక ఈ జబ్బు భయంతోనే 2015లో గ్లైఫోసేట్ కలుపుమందును నిషేధించి, 2018లో తేయాకు, రబ్బరు తోటలకు మళ్లీ అనుమతిచ్చింది.

నీళ్లకైతే పైపు వేయొచ్చు, మందుకైతే నిషేధం పెట్టొచ్చు, రెంటికీ శిలాఫలకం ఉంటుంది. ఎండ, చాకిరీ కలిసి చేసే నష్టానికి ఏం చేయాలి? అక్కడ కూలి రేటు, పని గంటల మాట ఎత్తాలి. అది ఎత్తడం ఎవరికీ ఇష్టం ఉండదు.

ఎల్ సాల్వడార్‌లో పరిశోధకులు సముద్ర మట్టానికి దగ్గరగా ఉన్న ఊళ్లనూ, 500 మీటర్ల ఎత్తున కాస్త చల్లగా ఉండే ఊళ్లనూ పోల్చి చూశారు. కింద చెరకు కొట్టేవాళ్ల కిడ్నీలు బాగా దెబ్బతిన్నాయి, పైన కొట్టేవాళ్లవి అంతగా దెబ్బతినలేదు. పంట అదే, పనీ అదే. తేడా వేడిలో ఉంది. రోజూ ఒంట్లో నీరు ఇంకిపోవడం, కండరాలు అలిసిపోవడం, రాత్రికి ఒళ్లునొప్పులకు మెడికల్ షాపులో కొన్న మాత్ర వేసుకోవడం. ఇలా పదేళ్లు గడిస్తే కిడ్నీ ఏమవుతుంది? పైగా అది సగానికి పైగా పాడయ్యే దాకా నొప్పంటూ చెప్పదు.

చెరకు కొట్టేవాళ్లకు కూలి టన్నుల లెక్కన. ఆగితే డబ్బు పోతుంది కాబట్టి ఎవడూ ఆగడు. నికరాగువాలో ఒక చక్కెర మిల్లు తోటల్లో నీళ్లు, నీడ, గంటల మధ్య విరామం పెంచి చూస్తే కిడ్నీ దెబ్బతినే కొత్త కేసులు తగ్గాయి. అక్కడ పనిచేసిన మందు విశ్రాంతి, అంతే. మన ఉపాధి హామీ పనుల్లోనూ కూలి కట్టింది కొలతల ప్రకారమే. పని చోట తాగునీరు, నీడ ఉండాలని 2005 నాటి ఆ చట్టం రాసింది. మే నెలలో ఏ చెరువు గట్టుకైనా వెళ్లి ఆ నీడ కోసం వెతికి చూడండి.

ఉద్దానం జబ్బుకు ఎండే కారణమని నేను తీర్పు చెప్పడం లేదు. అక్కడ ఇంకా ఏదీ తేలలేదు. కానీ భూమి వేడెక్కుతోందని ఒకపక్క సదస్సులు జరుగుతున్నాయి, ఇంకోపక్క ఆ వేడిలో రోజుకు ఎనిమిది గంటలు నిలబడేవాడి కిడ్నీ లెక్కలోకి రావడం లేదు. పని చోట వేడి వల్ల కిడ్నీ జబ్బు తెచ్చుకుని బతుకుతున్నవాళ్లు ప్రపంచంలో 2 కోట్ల 62 లక్షల మంది ఉంటారని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2024లో అంచనా వేసింది. తెలంగాణ ప్రభుత్వం 2025లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, చనిపోతే కుటుంబానికి 4 లక్షలు ఇస్తామంది. మంచిదే. అయితే ఆ లెక్కలోకి రావాలంటే మనిషి ఆ ఎండలోనే పడిపోవాలి. పదేళ్లు నెమ్మదిగా పాడైనవాడికి ఏ కాలమ్‌లోనూ చోటు లేదు. గల్ఫ్‌లో మనవాళ్లు పనిచేసే ఖతార్‌లో కూడా 2021 నుంచి వేసవిలో ఉదయం 10 నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా ఆరుబయట పని చేయించకూడదు. ఇక్కడ అలాంటి గట్టి నిబంధన తెస్తే బిల్డర్లు ఊరుకుంటారా అని మాత్రం అడక్కండి.

నిరుడు వేసవిలో మా ఇంటి ఎదురుగా స్లాబ్ వేశారు. మొదలుపెట్టాక మధ్యలో ఆపకూడదంటారు కదా, పొద్దున తొమ్మిదికి మొదలైన పని మధ్యాహ్నం రెండు దాటినా నడిచింది. తట్టలు మోసే ఆడవాళ్లకు మా ఆవిడ బిందెడు నీళ్లు పంపింది. ఒకామె గొంతు తడుపుకుని పక్కన పెట్టేసింది. ఇంకొంచెం తాగమ్మా అంటే, “తాగితే మళ్లీ ఎక్కడికి పోవాలండీ?” అంది. నిజమే, ఆ సైట్‌లో బాత్రూమ్ లేదు. మాకెవరికీ అప్పటిదాకా ఆ సంగతి తట్టలేదు.

రెండో అంతస్తు స్లాబ్ తెల్లవారుజామున నాలుగింటికే లైట్లు పెట్టి మొదలుపెట్టారు. కూలీల కోసమే అనుకుని మేస్త్రీని మెచ్చుకున్నాను. ఆయన నవ్వి, ఎండలో పోస్తే కాంక్రీటు బీటలిస్తుందని ఇంజనీరు చెప్పాడన్నాడు.