సవరణ: 28 గిగాహెర్ట్జ్ సిగ్నల్ ఎందుకు దూరం వెళ్లదు

"ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ రేడియో తరంగాలను గాలి ఎక్కువగా పీల్చేస్తుంది, అందుకే 28 గిగాహెర్ట్జ్ 5జీ దూరం వెళ్లదు" అని గత పోస్టులో ఉంది. ఆ వాక్యం తీసేశాం. అసలు లెక్క యాంటెన్నా సైజులో ఉంది.

5జీ వాడే మరో ఫ్రీక్వెన్సీ 3.5 గిగాహెర్ట్జ్‌తో పోల్చి చూద్దాం. దాని తరంగం పొడవు దాదాపు 86 మిల్లీమీటర్లు. 28 దగ్గర అది 10.7 మాత్రమే. యాంటెన్నా మామూలుగా అందులో సగం ఉంటుంది కాబట్టి పొడవు 8 రెట్లు, సిగ్నల్‌ను పట్టుకునే వైశాల్యం 64 రెట్లు తగ్గిపోతుంది. 18 డెసిబెల్స్ తేడా (64 రెట్లను ఇంజినీర్లు చెప్పే తీరు) వచ్చేది ఇక్కడే. పంపిన సిగ్నల్‌లో ఎంత అందుతుందో లెక్కగట్టే 1946 నాటి ఫ్రీస్ సూత్రం చెప్పేదీ ఇదే. పాఠాల్లో దీన్ని "దారిలో నష్టం" అని రాయడంతో నేరం గాలి మీదకు పోతుంది!

అదే జాగాలో 64 బుల్లి యాంటెన్నాలు పేరిస్తే పోయిన వైశాల్యం తిరిగొస్తుంది. టవర్‌లోనూ ఫోన్‌లోనూ అలా చేస్తే, అడ్డం లేని చోట 28 గిగాహెర్ట్జే గెలుస్తుంది. కాకపోతే బీమ్ (సిగ్నల్ వెళ్లే ధార) సన్నబడుతుంది. ఫోన్ కాస్త తిరిగితే చాలు, ప్రతి యాంటెన్నా ఫేజ్ (తరంగం ఎత్తుపల్లాలు వచ్చే సమయం) మార్చి బీమ్‌ను మళ్లీ గురిపెట్టాలి. 100 గిగాహెర్ట్జ్ దాటాలనుకునే 6జీ ప్రయోగాలకూ పెద్ద తలనొప్పి ఇదే.

గాలి బాగా పీల్చే చోటు లేకపోలేదు: 60 గిగాహెర్ట్జ్ దగ్గర ఆక్సిజన్ కిలోమీటరుకు సుమారు 15 డెసిబెల్స్ తినేస్తుంది. గత పోస్టులో గోడలు, ఆకులు, మన చెయ్యి అడ్డొస్తాయన్న భాగంలో మార్పు లేదు.