‘దొరకలేదు’ అనడానికీ ఒక పద్ధతి

ప్రభుత్వ కొలువులో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి, అందులో సింహభాగం కనబడకుండా పోయిన ఫైళ్లను వెతకడంలోనూ, వెతుకుతున్నట్టు కనబడడంలోనూ గడిపినవాణ్ణి కనుక, వెతుకులాట అనే విద్య గురించి మాట్లాడే అర్హత నాకు కొంత ఉందని సవినయంగా మనవి చేసుకుంటున్నాను. ఆ అర్హతతోనే ఖగోళ శాస్త్రజ్ఞుల మీద ఒక అభియోగం దాఖలు చేస్తున్నాను. వీరు ఏమీ దొరకని వెతుకులాటను గుట్టుగా ఉంచుకోరు. ఎక్కడ వెతికారో, ఎంతసేపు వెతికారో, ఎంత మసక వస్తువు దాకా వారి కంటికి ఆనేదో అంకెలతో సహా రాసి, వెతికిన వారందరి పేర్లూ వరసగా పెట్టి, అచ్చువేయిస్తారు. ఈ దుస్సంప్రదాయం ఆకాశం నుంచి కార్యాలయాలకు దిగివస్తే వాటిల్లబోయే అనర్థాన్ని ముందుగానే హెచ్చరించడం నా విధి.

కేసు పూర్వాపరాలివి. అణుపరీక్షలను పాక్షికంగా నిషేధిస్తూ 1963లో ఒప్పందం కుదిరాక, ఎదుటి పక్షం దొంగచాటుగా బాంబులు పేలుస్తున్నదేమో కనిపెట్టడానికి అమెరికా ‘వేలా’ అనే ఉపగ్రహాలను కాపలా పెట్టింది. ఆ కాపలాకు 1967 జూలై 2న గామా కిరణాల మెరుపు ఒకటి తగిలింది. అది ఏ దేశపు బాంబూ కాదు, అసలు భూమికి సంబంధించిందే కాదు. ఆ సంగతి లోకానికి తెలిసింది 1973లో. ఒక కాగితం ఆరేళ్లు నింపాదిగా బల్లల మీద విశ్రమించిన ఆ కాలమంటే నాకు ఇప్పటికీ గౌరవమే. ఆ తరువాత 1993లో, కాంప్టన్ ఉపగ్రహం పోగుచేసిన మెరుపులను నిడివి ప్రకారం పేర్చి చూస్తే అవి రెండు కుప్పలుగా విడిపోయాయి. రెండు సెకన్లకు మించి సాగేవి దీర్ఘకాలికం, లోపే ముగిసేవి స్వల్పకాలికం. మొదటి రకానికి కుప్పకూలే భారీ నక్షత్రం కారణమనీ, రెండో రకానికి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ చివరకు ఢీకొనే రెండు న్యూట్రాన్ నక్షత్రాలు (భారీ నక్షత్రం ఆరిపోయాక మిగిలే అతి దట్టమైన ముద్దలు) కారణమనీ క్రమంగా స్థిరపడింది. రెండు సెకన్ల హద్దు మాకు నచ్చింది. ఏ జీవోకైనా ఇలాంటి గీత ఒకటి ఉండాలి.

చిక్కంతా చిరునామా దగ్గర. గామా మెరుపు రెప్పపాటులో పోతుంది. అది ఏ గెలాక్సీలో, ఎంత దూరంలో పుట్టిందో తెలియాలంటే అదే చోట మామూలు వెలుగులో మిగిలే కాస్త కాంతిని టెలిస్కోపుతో పట్టుకోవాలి. దాన్నే ఆప్టికల్ కౌంటర్‌పార్ట్ అంటారు. ఇలాంటి స్వల్ప మెరుపులను ఏడాదికి నలభై వరకు నమోదుచేసే ఫెర్మీ ఉపగ్రహం తన పన్నెండు డిటెక్టర్లను వేర్వేరు దిక్కులకు తిప్పి కూర్చోబెట్టుకుని, ఎవరికి ఎక్కువ తగిలింది, ఎవరికి తక్కువ తగిలింది అని పోల్చి దిక్కు చెబుతుంది. అది చెప్పే దిక్కు వందల చదరపు డిగ్రీల విస్తీర్ణం కలిగి ఉంటుంది. పున్నమి చంద్రుడు ఆకాశంలో ఆక్రమించే చోటు చదరపు డిగ్రీలో అయిదో వంతు మాత్రమే. మన దస్తావేజుల్లో చెక్కుబంది రాసేటప్పుడు తూర్పున ఫలానావారి చేను, పడమర పుంత, ఉత్తరాన చెరువుకట్ట అని కనీసం నాలుగు హద్దులైనా చెబుతాం. ఫెర్మీ పంపే చెక్కుబందిలో చేనూ చెరువూ ఊరూ మండలమూ అన్నీ కలిసే ఉంటాయి. సర్వే నంబరు ఒక్కటే ఉండదు.

ఇంత జాగాను గాలించడానికి కాలిఫోర్నియాలోని పాలోమార్ కొండ మీద 48 అంగుళాల ఆషిన్ టెలిస్కోపుకు జ్విక్కీ ట్రాన్సియెంట్ ఫెసిలిటీ వారు ఒక కెమెరా బిగించారు. ఒక్క ఫొటోలో 47 చదరపు డిగ్రీలు, అంటే రెండు వందలకు పైగా పున్నమి చంద్రులు, ఇమిడిపోతాయి. 2018లోనూ, మళ్లీ 2020, 2021ల్లోనూ ఆ బృందం పది స్వల్పకాలిక మెరుపుల వెంట పడింది. భూమికి అన్ని వైపులా కాపలా ఉండేలా అల్లిన ‘గ్రోత్’ కూటమి నుంచి పదికి పైగా టెలిస్కోపులు తోడు వచ్చాయి. లడాఖ్‌లోని హాన్లేలో ఉన్న మన డెబ్బై సెంటీమీటర్ల టెలిస్కోపు కూడా ఆ కూటమిలోదే. ఫలితం సున్నా. పదింటికి ఒక్కటీ చిక్కలేదు.

చిక్కకపోవడాన్ని నేను తప్పుపట్టను. ఆ మాటకొస్తే నా సర్వీసు రికార్డు అంతకంటే ఘనమైనది. వీరు వెతికిన తీరు మాత్రం చూడండి. రాత్రి తీసిన ఫొటో నుంచి పాత ఫొటోను తీసివేస్తే, కొత్తగా వెలిగినవి మాత్రం మిగులుతాయి. మిగిలినవి ఒకటీ రెండూ కావు, వేలు. ఇందులో దారిన పోయే దానయ్యలే ఎక్కువ. మన సౌరకుటుంబంలోని గ్రహశకలాలు ఆ క్షణంలో అటుగా వెళుతూ కెమెరాకు చిక్కుతాయి. అందుకే కొంత వ్యవధి ఇచ్చి రెండోసారి ఫొటో తీసి, నిలిచిన చోటే నిలిచినదాన్ని ఉంచుకుని, కదిలినదాన్ని పంపించివేస్తారు. తరువాత మన పాలపుంతలోనే ఉంటూ ఉత్తిపుణ్యానికి భగ్గుమనే ఎర్రని చిన్న నక్షత్రాలను ఏరివేస్తారు. ప్రతి వీధిలోనూ అలాంటివారు ఒకరిద్దరు ఉంటారు. మెరుపు రాకముందు నుంచీ వెలుగుతున్నవాటికి ఈ కేసుతో సంబంధం లేదని తేలుస్తారు. చివరికి మిగిలిన గుప్పెడు అనుమానితుల్ని రాత్రి తరువాత రాత్రి పరిశీలిస్తారు. నిజమైన నిందితుడు ఒకటి రెండు రోజుల్లోనే గబగబా మసకబారాలి. తీరుబడిగా వారాల తరబడి వెలిగేవాడు దాదాపుగా ఏదో సూపర్‌నోవా (పేలిపోయిన నక్షత్రం), అంటే పొరుగు కేసు. అటెండరును స్టోర్‌రూమ్‌కు పంపి, అతడు టీ తాగి తిరిగివచ్చేలోగా ‘లేదు’ అని రాసేయగల పనికి ఇంత ఆర్భాటమా?

ఆర్భాటం ఇక్కడితో ఆగదు. వెతికిన ప్రతి బృందమూ మిగతా ప్రపంచానికి ఒక సర్క్యులర్ పంపుతుంది. అవును, వారు కూడా సర్క్యులర్ అనే అంటారు. మా సర్క్యులర్లు ఎవరూ చదవకూడదనే సదుద్దేశంతో జారీ అయ్యేవి. వీరివి నిమిషాల్లో చదివి, ఎక్కడో చిలీలోనో కెనరీ దీవుల్లోనో ఒకరు టెలిస్కోపును తిప్పేస్తారు. అందులో రాసే మాటలు కూడా విడ్డూరం. ఫలానా ప్రాంతంలో ఇంత శాతం చూశాం, 21వ మాగ్నిట్యూడ్ దాకా కొత్త వస్తువేదీ కనబడలేదు అంటారు. అంకె పెరిగేకొద్దీ వస్తువు మసకగా ఉన్నట్టు లెక్క. మామూలు కంటికి ఆఖరున ఆనే చుక్క ఆరవది. ఇరవై ఒకటవది దానికంటే పది లక్షల రెట్లు మసక. అంటే ‘లేదు’ అనడం లేదు. ‘ఉంటే ఇంతకంటే మసకగా ఉండి ఉండాలి’ అంటున్నారు. ఆ పది మెరుపుల నివేదికలోనైతే, 2017లో దొరికినటువంటిది (ఆ కథ కిందనే ఉంది) దాదాపు 65 కోట్ల కాంతి సంవత్సరాల లోపు ఉండి ఉంటే మా కంటబడేదే అని కూడా రాసుకున్నారు. తన వెతుకులాట ఎంత దూరానికి పనికొస్తుందో తానే ఒప్పుకునే ఉద్యోగిని నా సర్వీసులో నేను చూడలేదు.

ఆ 2017 సంగతి చెప్పకుండా వీరిని మందలించడం న్యాయం కాదు. అంతకుముందు 2005 మే 9న స్విఫ్ట్ ఉపగ్రహం ఒక స్వల్ప మెరుపు వెంట ఎక్స్‌రే టెలిస్కోపును తిప్పితే పదకొండు ఫోటాన్లు దక్కాయి. పదకొండే. దృశ్యకాంతిలో అదీ లేదు. అదే ఏడాది జూలై 9 నాటి మెరుపుకు చిలీలోని లా సిల్లాలో ఉన్న ఒకటిన్నర మీటర్ల డేనిష్ టెలిస్కోపు మొట్టమొదటిసారి వెలుగు జాడ పట్టింది. అయితే అసలు పండుగ 2017 ఆగస్టు 17న. భారీ వస్తువుల కదలికతో స్థలకాలంలో లేచే అలలైన గురుత్వ తరంగాలు వచ్చాయి, 1.7 సెకన్లకు గామా మెరుపు వచ్చింది. ఫెర్మీ చూపిన జాగా దాదాపు 1,100 చదరపు డిగ్రీలు. అమెరికాలోని రెండు లైగో డిటెక్టర్లకు గట్టిగా వినిపించిన ఆ తరంగం ఇటలీలోని విర్గోకు దాదాపు వినిపించనే లేదు. మా పద్ధతిలోనైతే విర్గోకు మెమో వెళ్లేది. వీరు మాత్రం, విర్గో సరిగా వినలేని దిక్కులు కొన్నే ఉన్నాయి కనుక మూలం ఆ దిక్కుల్లోనే ఉందని వాదించి, ప్రాంతాన్ని 28 చదరపు డిగ్రీలకు కుదించారు. శ్రీహరికోట నుంచి 2015లో బయలుదేరిన మన ఆస్ట్రోశాట్‌కు కూడా ఆ మెరుపు కనబడలేదు. భూమి అడ్డం వచ్చింది. ఆ కనబడకపోవడాన్ని సైతం సాక్ష్యంగా స్వీకరించి, ఫెర్మీ జాగాలో గణనీయమైన భాగాన్ని కొట్టివేశారు. చూడనివాడి వాంగ్మూలానికి ఇంత విలువ కట్టడం ఏ కోర్టులో చెల్లుతుంది? చిలీలో సూర్యుడు అస్తమించే దాకా ఆగి, తరంగం వచ్చిన పదకొండు గంటలకు స్వోప్ అనే ఒక మీటరు టెలిస్కోపు ఎన్‌జీసీ 4993 గెలాక్సీలో కొత్త చుక్కను చూసింది. ఆ వెనకే మరో అయిదు బృందాలు విడివిడిగా అదే చుక్కను పట్టాయి. పదమూడు కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో మొదట నీలంగా వెలిగి, కొద్దిరోజుల్లో ఎర్రబడి ఆరిపోయిన ఆ కిలోనోవాలో, అంటే న్యూట్రాన్ నక్షత్రాల ఢీలో ఎగసిన వెలుగులో, బంగారం, ప్లాటినం వంటి బరువైన మూలకాలు పుడతాయట. అక్షయ తృతీయ నాడు షాపులో తరుగూ మజూరీ లెక్కలు చూసి నీరసించేవారు, రెండు నక్షత్రాలను కరిగించిన ఆ తయారీలో తరుగు ఎంత పోయిందో ఒకసారి ఊహించుకోవాలి.

ఇక నాకు నచ్చిన ఆ రెండు సెకన్ల గీత గతి. 2020 ఆగస్టు 26న పాలోమార్ వారికి, ఆ పదింటి లెక్కలో లేని ఒక స్వల్ప మెరుపు వెలుగు దొరికింది. నిడివి దాదాపు ఒక సెకను, కాగితాలన్నీ సక్రమం. ఊరుకోవచ్చు కదా! దాదాపు నెల తరువాత హవాయిలోని జెమిని టెలిస్కోపుతో మళ్లీ చూసి, అది న్యూట్రాన్ నక్షత్రాల ఢీ కాదనీ, కుప్పకూలిన భారీ నక్షత్రమేననీ తామే బయటపెట్టుకున్నారు. మరుసటి ఏడాది డిసెంబరు 11 నాటి మెరుపు దాదాపు యాభై సెకన్లు సాగి, దీర్ఘకాలికం కోటాలో దర్జాగా నమోదై, తీరా చూస్తే వెనుక కిలోనోవాను దాచుకుని కనబడింది. సర్టిఫికెట్ చూపినవాడు అర్హుడు కాదు, అర్హుడి దగ్గర సర్టిఫికెట్ లేదు. ఇలాంటప్పుడు మనం సర్టిఫికెట్‌నే నమ్ముతాం; వీరు గీత మీదే అనుమానపడ్డారు.

ఇంతటి అభియోగపత్రం రాస్తున్న నేను ఈ మధ్య నా పెన్షను లెక్క సరిచేయించుకోవడానికి నా పాత సర్వీసు రిజిస్టరు కోసం ఒక కార్యాలయానికి వెళ్లవలసి వచ్చింది. బల్ల వెనుక ఉన్న కుర్రవాడు తల ఎత్తకుండానే “లేదండీ” అన్నాడు. ఆ జవాబు రెండు సెకన్ల లోపే ముగిసింది కనుక శాస్త్రప్రకారం స్వల్పకాలికమే. అది వచ్చిన దిక్కు తెలిసింది గాని, దాని వెనుక వెతుకులాట జాడ ఏదీ కనబడలేదు. నేను వ్యతిరేకిస్తున్న సంప్రదాయాన్ని ఆ ఒక్కరోజుకు మాత్రం అరువు తెచ్చుకుని, ఏ బీరువాలు చూశారు, ఏ సంవత్సరాల కట్టలు విప్పారు, ఎంత దుమ్ము లోతు దాకా వెళ్లారు, ఉంటే ఎంత పల్చటి రిజిస్టరు అయి ఉండాలి అని నాలుగు ప్రశ్నలతో దరఖాస్తు రాసి ఇచ్చాను. దానికి రసీదు ఇమ్మన్నాను.

“రసీదు పుస్తకం లేదు సార్” అన్నాడు. అయితే ఈసారి సొరుగు లాగి చూసి అన్నాడు.