దొడ్డికో మంత్రిత్వ శాఖ

దేశంలో ఇన్ని శాఖలున్నాయి గానీ, రెండేళ్ళ పిల్లాడి దొడ్డి వ్యవహారాలకు దిక్కులేదు. ప్రస్తుతానికి ఆ బరువంతా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపే మోస్తోంది. పొద్దున్నే కాఫీ గ్లాసుతో ఫోన్ తెరిస్తే పాటీ ఫోటో. ఎర్రగా ఉందట, అర్జెంటుగా అందరూ చూడాలట. బాబాయి జూమ్ చేసి మరీ చూస్తాడు. రాత్రి వాడికి బీట్‌రూట్ కూర కలిపి పెట్టిన మహాతల్లి మాత్రం కిమ్మనదు.

ఐరన్ చుక్కలు మొదలెట్టాక నల్లగా వస్తే, గ్రూపు లెక్కలో లోపలేదో మాడిపోయినట్టే. అరటిపండు తాలూకు నల్లపోగులు కనబడితే నులిపురుగులే. బ్రిటన్‌లోని బ్రిస్టల్ వైద్యులు 1997లో మలాన్ని 7 రకాలుగా విడగొట్టి పట్టిక ప్రకటించారు. పాపం, మా పెద్దమ్మను అడిగుంటే ఎనిమిదో రకం కూడా చెప్పేది: దిష్టి.

అసలు ప్రహసనం వేరే ఉంది. పిల్లాడు కర్టెన్ చాటుకు పోయి, కాళ్ళు మెలేసి, మునివేళ్ళ మీద నిలబడి మొహం కందగడ్డ చేసుకుంటాడు. ముక్కుతున్నాడని ఇంటిల్లిపాదీ చప్పట్లు. వాడు ముక్కడం లేదు మహాప్రభో, బిగబట్టుకుంటున్నాడు! ఒకసారి గట్టిగా వచ్చి నొప్పెట్టింది, ఇక ఈ జన్మకు వెళ్ళనని తీర్మానించుకున్నాడు. లోపల గట్టిపడ్డ ముద్ద పక్కనుంచి పల్చగా కారి నిక్కరు పాడవుతుంది. ఇంకేం, విరేచనాలని తేల్చి, కట్టేసే వైద్యం మొదలెడతాం. మలబద్ధకానికి ఇంతకంటే పోషణ ఏముంటుంది?

అన్నం ముట్టడం లేదని రోజుకు లీటరు పాలు పట్టించినవాళ్ళే, తప్పంతా పాటీ కుర్చీ మీద ఉన్న కప్పబొమ్మదని, ఏనుగుబొమ్మది ఆర్డర్ పెడతారు. వెనకటికి బామ్మలు కాళ్ళ మీద కూర్చోబెట్టుకుని ‘ష్ష్’ అనేవాళ్ళు, పిల్లాడికి ఆసరా ఉండేది. ఇప్పుడు పెద్దల కమోడ్ మీద వాడి కాళ్ళు గాల్లో ఊగుతుంటాయి. ఏనుగుకు డబ్బులుంటాయి, కాళ్ళ కింద చిన్న పీటకు ఉండవు. పీట ఫోటోకు లైకులు రావు కదా!

నిజంగా హడలాల్సినవీ ఉన్నాయి. మలం సున్నంలా తెల్లగా రావడం, తిండికి సంబంధం లేకుండా రక్తం పడటం చూస్తూ కూర్చోదగ్గవి కావు. ఉండుండి కడుపు పట్టుకుని గుక్కపెట్టి ఏడుస్తూ, వాంతులు చేసుకుంటూ, ఎర్రటి జెల్లీలా పోతే ఆ క్షణమే ఆసుపత్రికి పరుగెత్తాలి. సరిగ్గా అప్పుడే మా పెద్దలకు ఎక్కడలేని నిబ్బరం వచ్చేస్తుంది.

“పళ్ళొస్తున్నాయేమోలేరా, రెండ్రోజులు చూద్దాం.”